పంచమం దిగిన పూట

కిందటి వారం సంచిక నుంచీ జ్ఞానసుందరిని మనం కాలేజీ గుమ్మంలోనే నిలబెట్టి ఉంచాం. ఆ పిల్ల అక్కడ అలా రాయిలా నిలబడిపోవడానికి కారణం పాఠకులు మరిచిపోయి ఉండరు. సంగీత శాఖాధిపతి నరసింగరావుగారు తోటి విద్యార్థులందరి ఎదుటా ఆమెతో అన్న మాట అటువంటిది.

"నీ గొంతు సమాధుల తోటలో పాడుకోడానికి సరిపోతుందమ్మా. సభకి పనికిరాదు. మోడల్ ప్రాక్టికల్‌లో నేను తలూపితేనే నువ్వు యూనివర్సిటీ పరీక్షకి కూచుంటావు. లేదూ, హాయిగా చరిత్రలోకి మారిపో. రాజుల పేర్లు బట్టీ పట్టుకో."

ఆ మోడల్ ప్రాక్టికల్ ఈ పొద్దుటే. యూనివర్సిటీ పరీక్ష రేపు. నరసింగరావుగారి తల ఊగకపోతే మూడేళ్ళ చదువూ గోదారిలో కలిసినట్టే. అంతేకాదు, నెల్లిమర్లలో ఆమె తండ్రి జ్ఞానానందం తల ఎత్తుకోలేడు. జూట్ మిల్లులో గుమాస్తా పని చేసుకునే ఆ మనిషి, "దేవుడిచ్చిన గొంతుని పరాయి దేవుళ్ళ పాటలకి అప్పగిస్తావా" అని చర్చి సంఘ పెద్దలు నిలదీస్తే, ఆరాధన అయ్యాక అందరి ముందూ లేచి నిలబడి, "నా కూతురు బి.ఏ. పాసై వస్తాది. మన మిషన్ స్కూల్లో పిల్లలకి పాట నేర్పుతాది. అప్పుడు మాటాడండి" అన్నాడు. ఇప్పుడు ఆ మాట నిలబెట్టడం, పడగొట్టడం నరసింగరావుగారి మెడలో ఉంది.

ఆ కాలేజీ పేరు నేను చెప్పను. ఊరు విజయనగరమని మాత్రం చెప్పక తప్పదు. సంగీతానికి పేరు పడ్డ ఊళ్ళో సంగీతం మెయిన్‌గా బి.ఏ. చదువు లేకపోతే అప్రతిష్ఠ అని ఎవరో పెద్దమనిషికి తోచింది. తోచిందే తడవుగా సైకిళ్ళ షెడ్డు పక్కనున్న గుర్రాల సావిడికి వెల్ల వేయించి, చాపలు పరిచి, సంగీత శాఖ అని బోర్డు కట్టారు. ఉక్కు ఉద్యమం నాటి నినాదాలు ఆ బయటి గోడ మీద ఇంకా చెరగలేదు. లోపల గుర్రాల వాసన కూడా పూర్తిగా పోలేదని, వానాకాలంలో తెలుస్తూనే ఉంటుందని విద్యార్థులు చెప్పుకుంటారు.

ఇక ఆ విద్యార్థులు. గణపతిరావుకి సైన్సులో సీటు రాలేదు. పాటైతే పుస్తకాలు తక్కువ కదా అని ఇందులో చేరాడు. తాయారు పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడడానికి చేరింది. ఆ కీర్తన మొదటి ఏడాదే వచ్చేసింది గాని పెళ్ళికొడుకు రాలేదు, అంచేత మూడో ఏడు దాకా చదువుతోంది. మిగిలిన ఇద్దరు ముగ్గురూ హాజరు పిలిచినప్పుడు తప్ప నోరు విప్పరు. ఇటువంటి మందలో తనొక్కర్తే పాట కోసం వచ్చానని జ్ఞానసుందరికి లోలోపల పొగరు. వాళ్ళని చూస్తే ఆమెకు చులకన. ఆ చులకనలో న్యాయం ఎంత, గర్వం ఎంత అని తూకం వేసే ఓపిక నాకు లేదు.

ఆ పొద్దుట ఆమె పాసింజరు రైలు దిగి, చకచకా నడిచి, సావిడి చేరేసరికి తాయారు ఒళ్ళో తంబురా పెట్టుకుని బిక్కమొహంతో కూచుంది.

"ఒసే సుందరీ, జగన్నాధం మాస్టారు ఇంకా రాలేదే. దీని శ్రుతి ఎవరు కలుపుతారు?"

జగన్నాధం ఆ శాఖలో వయొలిన్ చెప్పే చిన్న మాస్టారు. నరసింగరావుగారి దగ్గరే నేర్చుకుని, ఆయన నీడలోనే ఉద్యోగం సంపాదించుకున్న మెతకమనిషి. రోజూ గజపతినగరం నుంచి బస్సులో వస్తాడు. అటెండరు కూర్మయ్య తలుపు దగ్గర నుంచే కబురు చెప్పాడు.

"బస్సు బొండపల్లికాడ ఆగిపోనాదంటమ్మా. ఇంకో బస్సు పట్టుకోని వస్తన్నారంట."

మామూలుగా జరిగే తంతు ఇది: జగన్నాధం ముందుగా వచ్చి, తంబురా నాలుగు తీగలూ శ్రుతి చేసి, రెండు చేతులా పట్టుకుని పెద్ద మాస్టారికి అందిస్తాడు. పెద్ద మాస్టారు కళ్ళు మూసుకుని, తంబురా బుర్రకి చెవి ఆనించి, తీగ బిగించే బిరడ మీద రెండు వేళ్ళు వేసి, తిప్పీ తిప్పనట్టు తిప్పి, "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" తరవాతే పాఠం. అసలు శ్రుతి కలిసేది ఆ రెండు వేళ్ళ మహిమ వల్లనే అని అందరూ నమ్మేవారు. జ్ఞానసుందరి కూడా నమ్మింది.

ఇవాళ మరి దారి లేదు. రాత్రి గాలికి తీగలు కొంచెం జారాయి. "ఇలా ఇయ్యి" అని ఆమె తంబురా అందుకుని బిరడ పట్టుకోబోయింది.

"చెయ్యి తియ్యి!"

నరసింగరావుగారు గుమ్మంలో ఉన్నారు. జరీ కండువా, నుదుట గంధం, చేతికి ఎవరో జమీందారు తొడిగిన కంకణం. కాలికి గండపెండేరం లేదు గాని నడక మాత్రం అది తొడుక్కున్నవాడి నడకే.

"అది మా గురువుగారి తంబురా. ఎవరు పడితే వాళ్ళు ముట్టుకునేది కాదు."

ఆ "ఎవరు పడితే వాళ్ళు" ఎవరో గదిలో అందరికీ అర్థమైంది. తాయారు రోజూ ముట్టుకుంటే లేని తప్పు ఇవాళ ఎందుకు వచ్చిందో కూడా అర్థమైంది. జ్ఞానసుందరి చెవులు ఎర్రబడ్డాయి. వెళ్ళి వెనక చాప మీద కూచుంది.

మాస్టారు తంబురా ఒళ్ళోకి తీసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. బుర్రకి చెవి ఆనించారు. మొదటి తీగ మీటి, బిరడ తిప్పారు. ఈసారి నిజంగానే తిప్పారు. పంచమం పలకవలసిన తీగ కిందికి జారింది. మళ్ళీ తిప్పారు, మరికాస్త జారింది. మధ్యమం గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి పోలేక వెనక్కి రాలేక అక్కడే వేలాడింది. వింటుంటే పన్ను జివ్వుమనే మోత.

"అదీ!" అన్నారు ఆయన, కళ్ళు తెరిచి. "ఇప్పుడు కలిసింది. ఆ నాదం వింటున్నారా?"

"ఆహా" అంది తరగతి.

ఆ అపశ్రుతి ఎవరికి వినబడలేదు? గణపతిరావు లాంటి వాడికి కూడా వినబడింది. వాడు ఒక్క క్షణం మొహం చిట్లించి, వెంటనే సర్దుకుని, అందరికన్నా గట్టిగా తల ఊపాడు. తాయారు ఒళ్ళో చేతులు చూసుకుంది. గురువుగారు కలిసిందన్నారంటే కలిసే ఉండాలి, కలవలేదని తోస్తే తప్పు మన చెవిది. ఆ గదిలో మూడేళ్ళుగా వాళ్ళు గట్టిగా నేర్చుకున్న సంగీతం అదొక్కటే.

జ్ఞానసుందరి కూడా ముందు తన చెవినే అనుమానించింది. కాని ఆ చెవి చిన్నప్పటి నుంచి నెల్లిమర్ల చర్చిలో హార్మోనియం పక్కన పెరిగింది. ఆ పెట్టెని మాస్టారు తోలుతిత్తి అని వెక్కిరిస్తారు. వెక్కిరిస్తే వెక్కిరించనీ, దాని రీడు ఎండకి పెరగదు, వానకి తగ్గదు, పెద్దవాళ్ళ మొహం చూసి జారదు. ఏ పంచమం ఎక్కడుండాలో ఆమెకు అది ఖాయంగా నేర్పి పెట్టింది. లేదు, తన చెవి తప్పు కాదు.

ఇంతలో జగన్నాధం రొప్పుతూ వచ్చాడు. గుమ్మం దాటగానే తంబురా మోత చెవిన పడి అతని మొహం పాలిపోయింది. మాస్టారి వంక చూశాడు. మాస్టారు నిశ్చింతగా ఉన్నారు. అతను చాప మీద కూచుని, వయొలిన్ తీసి, చక్కగా శ్రుతిలో ఉన్న తన పంచమం తీగని, ఆ తప్పుడు పంచమానికి సరిపోయేలా కిందికి దించుకున్నాడు.

జ్ఞానసుందరి కళ్ళారా చూసింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసినవాడిని క్షమించవచ్చు గాని, తెలిసి తెలిసి దాన్ని తన వాయిద్యంలోకి ఎక్కించుకున్న ఈ మనిషిని ఏమనాలి?

ముందు గణపతిరావు మోహన వర్ణం పాడాడు. పాడాడనడం అతని మీద దయ. పంచమం వచ్చినప్పుడల్లా గొయ్యి చూసిన ఎద్దులా ఆగి, తడబడి, ఎలాగో దాటాడు. తొడ మీద తాళం మాత్రం ఠంచనుగా వేశాడు.

"శ్రుతిశుద్ధం అంటే అదిరా!" అన్నారు మాస్టారు. "నేర్చుకోండి చూసి."

అప్పుడే జ్ఞానసుందరికి ఆయన కళ్ళు కనబడ్డాయి. ఆ కళ్ళు గణపతిరావు పెదవుల మీద ఉన్నాయి. అక్కడి నుంచి తాళం వేసే చేతి మీదకి దిగాయి. మళ్ళీ పెదవుల మీదకి వెళ్ళాయి. మూడేళ్ళలో చూసినవన్నీ ఒక్కసారి ఆమె తలలో తిరిగాయి. కూర్మయ్య ఎప్పుడూ ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాకే నోరు విప్పుతాడు. వెనక నుంచి పిలిస్తే ఆయన తిరగరు, అది పెద్దరికమనుకున్నారు అందరూ. ప్రశ్న అడిగితే "ముందు నువ్వు చెప్పు" అంటారు, అది బోధనా పద్ధతి అనుకున్నారు. కొత్తగా ఏం పాడినా జగన్నాధం వంక ఒకసారి చూశాకే మెచ్చుకోడమో తిట్టడమో చేస్తారు.

"జ్ఞానసుందరీ!" అన్నారు మాస్టారు, పేరుని చేదుమాత్రలా నమిలి. "రా. ఏం పాడతావు?"

"తోడి, మాస్టారూ."

"తోడి! సరే. అదీ చూద్దాం."

ఆమె ఎదురుగా వచ్చి కూచుంది. తాయారు తంబురా మీటుతోంది. జ్ఞానసుందరి ఊపిరి పీల్చుకుని, నోరు తెరిచి, ఆది తాళం మొదలుపెట్టింది. పెదవులు పల్లవి పలుకుతున్నాయి. గొంతు కదులుతోంది. కనుబొమలు గమకానికి తగ్గట్టు లేస్తున్నాయి. చెయ్యి తాళం తప్పడం లేదు.

గొంతులోంచి మాత్రం శబ్దం రావడం లేదు. ఒక్క చుక్క కూడా.

తాయారు వేళ్ళు తీగల మీద ఆగబోయాయి. జ్ఞానసుందరి కంటితోనే మీటమని హెచ్చరించింది. గణపతిరావు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. జగన్నాధం రెండు క్షణాలు వయొలిన్ కమాను గాలిలో పట్టుకుని కూచున్నాడు, తరవాత ఏం చెయ్యాలో తోచక, మునిగిపోయేవాడి కంగారుతో ఆమె పెదవులని అనుసరిస్తూ తోడి వాయించడం మొదలుపెట్టాడు. పల్లవి అయింది. అనుపల్లవి అయింది. మాస్టారు కళ్ళు అరమూసి, తల అటూ ఇటూ ఆడిస్తూ కూచున్నారు.

చివరికి చెయ్యెత్తారు.

"తాళం ఫరవాలేదు. కాని అదే గొంతు! అదే చర్చి గొంతు. ముక్కుతో పాడతావు, స్వరం మీద నిలబడవు. ఎన్నిసార్లు చెప్పేను నీకు?"



"మాస్టారూ," అంది జ్ఞానసుందరి, ఆయనకు పెదవులు బాగా కనబడేలా నిమ్మళంగా పలుకుతూ, "గొంతు ఎక్కడ చెడిందండీ? పల్లవిలోనా, అనుపల్లవిలోనా?"

"రెండింట్లోనూ! రేపు నువ్వు పరీక్షకి కూచోనక్కర్లేదు."

"అది పాడనే లేదు మాస్టారూ" అంది తాయారు, తల తంబురా వెనక దాచుకుని, ఏడుపు గొంతుతో. ఆ మాట గది నాలుగు మూలలా వినబడింది. మాస్టారు మాత్రం కండువా సర్దుకుంటున్నారు.

జగన్నాధం గబుక్కున లేచాడు. "అయిపోయింది, అందరూ వెళ్ళండి, యూనివర్సిటీ నుంచి పరీక్షకురాలు వస్తున్నారు, సాయంత్రం సభకి వేళకి రండి" అంటూ విద్యార్థుల్ని కోళ్ళని తోలినట్టు బయటికి తోలాడు. జ్ఞానసుందరి కదల్లేదు. మాస్టారు అటు తిరిగి కిటికీ రెక్క వేస్తున్నారు.

"మాస్టారూ!" అని ఆమె గట్టిగా పిలిచింది. ఆయన తిరగలేదు.

జగన్నాధం వంక తిరిగింది. కోపం వస్తే ఆమె మాటలోకి నెల్లిమర్ల దిగిపోతుంది.

"ఎన్నాళ్ళయినాది?"

"సుందరీ, నెమ్మదిగా..."

"నెమ్మదెందుకు? ఆయనకి వినబడతాదా?"

జగన్నాధం తల దించుకున్నాడు. "నువ్వు సీటు తీసుకుని వెళ్ళిన వారానికే పెద్ద జ్వరం వచ్చింది ఆయనకి. లేచేసరికి ఒక చెవి పోయింది. తరగతులు మొదలయ్యేలోగా రెండోదీ పోయింది. పెదవులు చూసి పోల్చుకుంటారు. తక్కింది నేను చూసుకుంటున్నాను. శ్రుతి దిగితే మోకాలు ఆడిస్తాను, ఎక్కితే కమాను చాపకి ఆనిస్తాను. ఇవాళ ఆ దిక్కుమాలిన బస్సు..."

"మరి నా పాట బాగోలేదని కూడా మీ మోకాలే సెప్పిందా?"

"లేదు! ఒట్టు. నేనెప్పుడూ అలా చెప్పలేదు. నీ విషయంలో ఆయన నా వంక చూడరు."

మాస్టారు ఇటు తిరిగారు. ఇద్దరి మొహాలూ చూశారు. చదవడానికి అక్కడ పెదవులతో పని లేకపోయింది. ఆయన వచ్చి చాప మీద కూచున్నారు. గంధం బొట్టు చెమటకి కారుతోంది.

"చెప్పేసేడా వీడు?"

"వీరు సెప్పక్కర్లేదండి. నేను గొంతెత్తకుండా పాడితే మీరే సెప్పేరు."

ఆ దెబ్బకి ఆయన కారుతున్న గంధం కండువాతో తుడుచుకున్నారు. తరవాత మాట్లాడింది మాత్రం ఆమె ఎదురుచూడనిది.

"నిన్ను నేను ఒక్కసారి విన్నాను. సీటు కోసం వచ్చిన నాడు మోహన పాడేవు. ఆ పాట నాకింకా వినబడుతూనే ఉంది. ఇన్నేళ్ళ సంగీతంలో నా దగ్గర మిగిలిన నాలుగైదు పాటల్లో అదొకటి."

"మరెందుకండీ నన్నంత హీనంగా సూసేరు?"

"నీ చెవి చూసి" అన్నారు ఆయన, సిగ్గు విడిచి. "ఈ గదిలో నన్ను పట్టుకోగల చెవి నీదొక్కటే. తక్కినవాళ్ళకి నేను మేకలా అరిచినా తోడి అంటే తోడే. నువ్వు చరిత్రలోకి పోతే నాకు నిశ్చింతగా ఉండేది."

జ్ఞానసుందరికి ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. సమాధుల తోట, చర్చి గొంతు, తోలుతిత్తి, ఎవరు పడితే వాళ్ళు! రాత్రుళ్ళు తలగడ తడిపిన మాటలన్నీ. అద్దం ముందు నిలబడి, నోరు తెరిచి, తన గొంతులో ఆ లోపం ఎక్కడుందో అని వెతుక్కున్న రోజులన్నీ.

"అంటే నా గొంతు బాగోలేదని కాదు. నా చెవి బాగున్నాదని."

"రేపు నువ్వు పరీక్షకి కూచో" అన్నారు ఆయన. "పరీక్షకుల్లో నేనూ ఒకణ్ణి, మొదటి క్లాసు మార్కులు వేస్తాను. జగన్నాధానికి శ్రీకాకుళం బదిలీ వచ్చేలా ఉంది. వాడి చోట నువ్వుండు. డిగ్రీ రాగానే ఇక్కడే ఉద్యోగం వేయిస్తాను. నాకు పక్కన ఒక చెవి కావాలి, అంతే."

"మీరు మార్కులేస్తానంటే నాకు నవ్వొస్తంది మాస్టారూ. దేనికి ఏస్తారు? నా మూతికా, నా సేతికా? మూడేళ్ళు మీ తల ఊగుతాదని కాసుకుని కూసున్నాం. ఆ తల ఎందుకు ఊగుతాదో ఇవాళ తెలిసింది. నాకొద్దు. సాయంత్రం సభలో యూనివర్సిటీ నుంచొచ్చిన ఆవిడ ముందు మీరే సెప్పీండి. నాకు వినబడదు, వీళ్ళ పాట వేరెవరైనా వినండని. మీరు సెప్పకపోతే నేను సెప్తాను."

ఒక్క నిమిషం క్రితం చాప మీద కుంగి కూచున్న మనిషి నిలువెత్తున లేచాడు. కండువా భుజం మీదికెక్కింది. పాత నరసింగరావు తిరిగొచ్చాడు.

"చెప్పు! నా మాట నమ్ముతారో, నెల్లిమర్ల మిల్లు గుమాస్తా కూతురి మాట నమ్ముతారో చూద్దాం. మోడల్లో తప్పి, కసికొద్దీ గురువు మీద నింద వేసిందంటాను. ఏ నోటితో కాదంటావు?"

ఆమె బయటికి వచ్చేసింది. సైకిళ్ళ షెడ్డు దగ్గర తాయారు టిఫిను డబ్బా పట్టుకుని కాచుకునుంది.

"ఒసే, దండం పెడతానే, చెప్పకే. మూడేళ్ళ మార్కులూ ఆయన వేసినవే కదా. ఆయనకి వినబడదని తెలిస్తే మన చదువే చెల్లదంటారు. శాఖే ఎత్తేస్తారు. నన్ను మా నాన్న మళ్ళీ గడప దాటనిస్తాడా?"

"నీకు తెలుసునా ముందే?"

తాయారు డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టింది.

జ్ఞానసుందరికి ఆమెని చూస్తే అసహ్యం వేసింది. ఆ వెంటనే భయం కూడా వేసింది, ఎందుకంటే తాయారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. శాఖ పోతే తన డిగ్రీ కూడా పోతుంది. చర్చిలో నిలబడి నాన్న ఇచ్చిన మాట తన నోటితోనే తను పడగొట్టినట్టవుతుంది. నోరు మూసుకుంటే డిగ్రీ, ఉద్యోగం, అన్నీ ఆ గుర్రాల సావిడిలోనే దొరుకుతాయి. ఇకమీద తప్పుడు పంచమం వినబడినప్పుడల్లా మోకాలు ఆడిస్తే చాలు.

సాయంత్రం సభ. పరీక్షకి ముందునాడు వచ్చిన పరీక్షకులకి పూలదండ వేసి, శాఖాధిపతి ఒక కృతి పాడి వినిపించడం ఆ కాలేజీ మర్యాద. ఈసారి వాల్తేరు యూనివర్సిటీ నుంచి వచ్చినావిడ వీణ విద్వాంసురాలు. తెల్లచీర, బిగించిన ముడి, నవ్వని మొహం. దండ వేయించుకుని పక్కన పెట్టేసింది, కాఫీ ముట్టుకోలేదు. ముందు వరసలో ప్రిన్సిపాలు, ఊరి పెద్దలు, పట్టు ఉత్తరీయాలు. వీళ్ళలో సగం మందికి పాటకీ పలకరింపుకీ తేడా తెలియదు గాని ముందు వరస అంటే వాళ్ళదే.

జగన్నాధం తంబురా శ్రద్ధగా శ్రుతి చేసి, రెండు చేతులా మాస్టారికి అందించాడు. నాలుగు తీగలూ చక్కగా పలుకుతున్నాయి. అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోయేది. కాని ముందు వరస చూస్తోంది, వాల్తేరు ఆవిడ చూస్తోంది, చూసేవాళ్ళుండగా వేళ్ళు ఊరికే ఉంచుకోవడం ఆ మనిషి జన్మలో ఎరగడు. కళ్ళు మూసుకున్నారు, బుర్రకి చెవి ఆనించారు, బిరడ పట్టుకుని ఇంత తిప్పారు.

పంచమం జారింది.

జగన్నాధం మోకాలు పూనకం వచ్చినట్టు ఆడింది. మాస్టారి కళ్ళు మూసే ఉన్నాయి. పరీక్షకురాలి కనుబొమలు దగ్గరికొచ్చాయి.

మాస్టారు కళ్ళు తెరిచి, జగన్నాధం వంక కాదు, విద్యార్థుల వరస వంక చూశారు.

"జ్ఞానసుందరీ, ఇలా రా అమ్మా. ఇవాళ తంబురా నువ్వు మీటు."

అమ్మా అని ఆయన ఆమెని మెత్తగా పిలవడం అదే మొదటిసారి. పొద్దుట ముట్టుకోకూడని తంబురా ఇప్పుడు ఆమె ఒళ్ళోకి వచ్చింది. బతిమాలుతున్నాడో, ఉచ్చు పన్నుతున్నాడో ఆమెకు తెలియలేదు. ఒక్కసారి మీటింది. అదే మోత, పన్ను జివ్వుమనే మోత. వేళ్ళు బిరడ దాకా వెళ్ళాయి. పైకి ఇంత తిప్పితే చాలు, సభ గట్టెక్కుతుంది, రేపటి పరీక్ష గట్టెక్కుతుంది, నెల్లిమర్లలో నాన్న మాట గట్టెక్కుతుంది.

వెనక వరసలో తాయారు రెండు చేతులూ జోడించి కూచుంది.

"శ్రుతి కలిసిందా అమ్మా?" అని అడిగారు మాస్టారు, సభ అంతటికీ వినబడేలా, తనకి తప్ప. ఆయన కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి.

జ్ఞానసుందరి బిరడ మీద నుంచి చెయ్యి తీసేసింది. ఆయనకు పెదవులు కనబడకుండా మొహం అటు, పరీక్షకురాలి వైపు తిప్పుకుంది. నిదానంగా, స్పష్టంగా, శ్రుతి గురించి ఒకటి, ఆయన చెవుల గురించి ఒకటి, రెండే ముక్కలు చెప్పింది.

ముందు వరసలో ఒక పెద్దమనిషి చేతిలోని కాఫీ గ్లాసు ఉత్తరీయం మీద ఒలికింది. జగన్నాధం కమాను కింద పెట్టేశాడు. పరీక్షకురాలు కుర్చీలోంచి లేచి నిలబడింది.

నరసింగరావుగారికి మాత్రం ఆమె జడ తప్ప మరేమీ కనబడలేదు. కలిసిందనే చెప్పి ఉంటుందనుకున్నారు. నిండుగా నవ్వి, కండువా సవరించుకుని, తొడ మీద తాళం వేసి పాట ఎత్తుకున్నారు.